పనామాలో సముద్రంపాలయ్యే నీళ్లు

పనామా సిటీలో పాతబస్తీ బావుంది, చేపల మార్కెట్టూ బావుంది. ఉక్కపోత మాత్రం చంపేసింది. పనామా కాలువలో ఓడల్ని ఎక్కించి దింపే మిరాఫ్లోరెస్ లాకులకి టాక్సీ అతను నోటికొచ్చిన రేటు చెప్పాడు, లోపల టికెట్ కూడా విదేశీయులకి ఒక ధర, స్థానికులకి ఇంకో ధర. ఇంతా చేసి వెళ్తే మధ్యాహ్నం ఓడలే లేవు! పొద్దున పసిఫిక్ నుంచి ఒక వరస పోతుంది, మళ్లీ అట్లాంటిక్ వైపువి వచ్చేదాకా ఖాళీయేనట.

ఆ మాట చెప్పింది పక్కన కూర్చున్న పెద్దాయన. వాళ్ల తాత బార్బడోస్ నుంచి కాలువ పనికి వచ్చాడట. అమెరికా తెల్లవాళ్లకి జీతం బంగారు నాణేల్లో, నల్లవాళ్లకి వెండి నాణేల్లో. మంచినీళ్ల కుళాయిలు కూడా వేరే. అంతకుముందు 1881లో సూయజ్ కాలువ తవ్వించిన ఫ్రెంచి ఘనుడు లెసెప్స్ ఇక్కడ కూడా సముద్రమట్టానికే తవ్వేద్దామని దిగాడు. జ్వరాలకి, కొండచరియలకి వేల మంది పోయారు, 1889కల్లా కంపెనీ దివాలా. 1904లో వచ్చిన అమెరికన్లు ముందు దోమల పని పట్టారు. తర్వాత కొండని సముద్రమట్టం దాకా తవ్వే ఆలోచన మానేసి చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టారు. అలా ఏర్పడిన గాటున్ సరస్సు సముద్రానికి 26 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఓడ లాకుల్లో ఎక్కి, సరస్సు దాటి, మళ్లీ లాకుల్లో దిగాలి. 1914 ఆగస్టు 15న కాలువ తెరిచారు.

ఎట్టకేలకు ఒక సరుకు ఓడ వచ్చింది. గోడకీ దానికీ మధ్య రెండడుగుల సందు కూడా ఉందో లేదో. పట్టాల మీద చిన్న ఇంజన్లు తీగలు బిగించి దాన్ని మధ్యలో నిలబెట్టాయి. నీళ్లు అడుగు తూముల్లోంచి వాటంతటవే పల్లానికి పోతాయి, మోటారు పంపుల్లేవు. తలెత్తి చూడాల్సినంత ఎత్తులో ఉన్న నావికుడు, చెయ్యూపేసరికి మా కళ్లకి తిన్నగా దిగిపోయాడు. ధవళేశ్వరం లాకుల్లో పడవ దిగడం మా నాన్న ఇలాగే చెప్పేవారు.

ఒక్క ఓడ దాటితే దాదాపు 20 కోట్ల లీటర్ల మంచినీళ్లు సముద్రంలోకి! ఆ సరస్సు నీళ్లు తాగడానికీ వాడతారు. గోదావరి నీళ్లు సముద్రంపాలని ఎన్నికలెన్నికలకీ వినే ప్రాణం కదా, గుండె గుభేలుమంది. 2016లో తెరిచిన కొత్త లాకుల్లో పక్క చెరువులు పెట్టి సగానికి పైగా నీళ్లు తిరిగి వాడుతున్నారు. అయినా 2023లో వానల్లేక రోజూ దాటే ఓడల్ని 36 నుంచి ఇరవై చిల్లరకి తగ్గించాల్సి వచ్చింది.

ఇప్పుడు ఇందియో నది మీద ఇంకో ఆనకట్ట కడతామంటున్నారట, ఊళ్లకి ఊళ్లు ముంపులో పోతాయట. పోలవరం సంగతి చెప్పాను. "మీ దగ్గర పరిహారం అందిందా?" అన్నాడు పెద్దాయన. ఇంకా అందనివాళ్లు చాలామందే ఉన్నారన్నాను.

"అయితే మావాళ్లకి చెప్తాను, డబ్బు చేతిలో పడ్డాకే ఇల్లు కదలమని."