ఊరు మారితే పదివేల డాలర్లు

కొత్త ఊరికి మకాం మార్చేవారు ఆ ఖర్చు తామే భరించడం లోకసహజం. అందుకు భిన్నంగా, వచ్చి తమ దగ్గర కాపురం పెడితే చాలు, ఎదురుకట్నం ఇస్తామనే మధ్యతరహా నగరాలు అమెరికాలో కొన్నేళ్లుగా కనిపిస్తున్నాయి. వాటిలో అందరి నోళ్లలో నానిన పేరు ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా. వేరే రాష్ట్రంలోని కంపెనీకి ఇంటి నుంచే పనిచేసేవారు తమ నగరానికి వచ్చి ఏడాది ఉంటే 10,000 డాలర్లు ఇస్తామని 2018 నవంబరులో ‘టల్సా రిమోట్’ పథకం ప్రకటించింది. 2020లో నార్త్‌వెస్ట్ ఆర్కన్సా ప్రాంతం అంతే సొమ్ముకు తోడు ఒక సైకిలు కూడా ఇస్తామంది. 2021లో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం 12,000 డాలర్లు ఇస్తామంది. ఈ ప్రకటనలు చూసి ఉత్సాహపడే మిత్రులు నాకు కొందరున్నారు. ఇచ్చే మొత్తం కన్నా దానిని ఏ విడతల్లో, ఏ షరతు మీద ఇస్తున్నారన్నది ముందు చూడమని వారికి చెబుతుంటాను. ఆ ఊరు దేనికి భయపడుతోందో, మన నుంచి ఏమి ఆశిస్తోందో అక్కడే బయటపడుతుంది.

టల్సా తొలినాళ్లలో ఈ సొమ్మును పంచిన తీరు చూడండి: సామాను తరలించుకోవడానికి 2,500 డాలర్లు, ఆపై నెలకు 500 చొప్పున ఏడాది పొడవునా, చివర్లో 1,500. అంటే మూడు వంతులు వచ్చి కుదురుకున్నాక గాని చేతికందవు. తరువాత, ఇల్లు కొనేవారికి మొత్తం ఒకేసారి ఇచ్చే వెసులుబాటు కల్పించారు. కొన్నవాడు ఇక కదలడన్న ధీమా అందులో ఉంది. వెస్ట్ వర్జీనియా 10,000 డాలర్లను మొదటి ఏడాది నెలవారీగా ఇచ్చి, మిగిలిన 2,000 రెండో ఏడాది పూర్తయ్యాక ఇస్తుంది. జపాన్ ఇంకా కటువు. టోక్యో నడిబొడ్డున ఉన్న 23 వార్డుల నుంచి బయటి ప్రాంతాలకు తరలే కుటుంబానికి 10 లక్షల యెన్‌ల వరకు, 2023 నుంచి ఒక్కొక్క బిడ్డకు మరో 10 లక్షల వరకు ఇస్తారు గాని, మూడేళ్లలోపు ఊరు విడిస్తే మొత్తం, ఐదేళ్లలోపు విడిస్తే సగం తిరిగి కట్టాలి.

స్థానికంగా ఉద్యోగం వెతుక్కునేవారికన్నా బయటి జీతం వెంట తెచ్చుకునేవారినే టల్సా ఎందుకు కోరుకుంది? అలా వచ్చినవారు ఊళ్లోని ఒక్క ఉద్యోగానికీ పోటీ రారు, సంపాదన మాత్రం ఊళ్లో ఖర్చు పెడతారు. ఓక్లహోమాలో నగర పాలక సంస్థల రోజువారీ నిర్వహణ ప్రధానంగా అమ్మకం పన్ను మీదే నడుస్తుంది కాబట్టి, కొనుగోళ్లు చేసే ప్రతి కొత్త కుటుంబమూ ఖజానాకు ఆదాయమే. అయినా అక్కడ ఈ సొమ్ము పన్నుల నుంచి వచ్చింది కాదు. చమురు, బ్యాంకింగ్ రంగాల్లో ఆర్జించిన జార్జ్ కైజర్ కుటుంబ ఫౌండేషన్ దానిని భరిస్తోంది. ఇప్పటికి 3,000 మందికి పైగా ఈ దారిలో అక్కడికి చేరారు.

దాత సొమ్ము, ప్రజల సొమ్ము ఒకటి కావన్నది నా గట్టి అభిప్రాయం. వెర్మాంట్ రాష్ట్రం 2018లో చట్టం చేసి, 2019 నుంచి రెండేళ్లలో 10,000 డాలర్ల వరకు తన ఖజానా నుంచే ఇవ్వడం మొదలుపెట్టింది. డబ్బు ఇవ్వకపోయినా వీరిలో ఎందరు వచ్చేవారో ఎలా తేలుస్తారని ఆ రాష్ట్ర ఆడిటరే ప్రశ్నించారు. ఎలాగూ రాదలచుకున్నవాడికి బహుమతి ఇవ్వడం సంపన్నుడి ఫౌండేషన్‌కు చెల్లుతుంది; పన్ను కట్టే పాతకాపుకు అది ఎందుకు నచ్చాలి?

సైకిలు సంగతి కూడా వేళాకోళం కాదు. నార్త్‌వెస్ట్ ఆర్కన్సా అంటే వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయమున్న బెంటన్‌విల్, విశ్వవిద్యాలయమున్న ఫయెట్‌విల్, వాటి చుట్టుపక్కల పట్టణాలు. అక్కడ ఉద్యోగాలకు కొరత లేదు, నైపుణ్యమున్న మనుషులకే కొరత. వాల్‌మార్ట్‌ను స్థాపించిన వాల్టన్ కుటుంబపు ఫౌండేషన్ ఏళ్ల తరబడి డబ్బు పోసి అక్కడి అడవుల్లో, కొండల్లో సైకిలు బాటలు వేయించింది. అందుకే సైకిలుతో ఆకర్షించాలనుకున్నారు. వద్దనుకునేవారికి కళాసంస్థల సభ్యత్వం. ఎలాంటి మనిషి కావాలో అంతకన్నా స్పష్టంగా చెప్పలేరు.

ఇక లెక్కలకు వద్దాం. ఈ ప్రోత్సాహకం పన్ను పడే ఆదాయం. 22 శాతం శ్లాబులో ఉన్నవారికి 10,000 డాలర్లలో 2,200 ఫెడరల్ పన్నుకే పోతాయి, ఆపై రాష్ట్ర పన్ను ఉంటుంది. సామాను తరలింపు ఖర్చును ఆదాయంలోంచి మినహాయించుకునే వీలు కూడా, సైనికుల వంటి కొందరికి తప్ప, 2018 నుంచి లేదు. అంతకన్నా పెద్ద చిక్కు, ఉద్యోగి నివసించే ఊరిని బట్టి జీతం నిర్ణయించే కంపెనీలతో వస్తుంది. ఏటా 1,50,000 డాలర్లు తెచ్చుకునేవారికి అందులో పదిశాతం కోత పడితే, ఒక్కసారి వచ్చే 10,000 కోసం ఏటా 15,000 వదులుకున్నట్లే. ఇంటి అద్దెలో, పిల్లల సంరక్షణ ఖర్చులో తగ్గేది అంతకు మించి ఉంటేనే మారడం గిట్టుబాటు. చాలామందికి అలా తగ్గుతుంది కూడా. అసలు లాభం అక్కడే ఉంది గాని ప్రోత్సాహకంలో లేదు.

హెచ్-1బి వీసా మీద ఉన్న మనవారికి ఇంకొక మెట్టు ఉంది. ఇంటి నుంచి పనిచేసినా ఆ ఇల్లే పనిచేసే స్థలం కిందికి వస్తుంది. ఇప్పుడున్న మెట్రో ప్రాంతం దాటి వేరొక చోటికి మారాలంటే కంపెనీ ఆ ప్రాంతపు వేతన లెక్కలతో కొత్త ఎల్‌సీఏ (వేతన షరతులపై కార్మిక శాఖ ధ్రువీకరించే దరఖాస్తు) తీసుకుని, మీరు మారేలోపే సవరణ పిటిషన్ దాఖలు చేయాలి. 2015లో సిమియో సొల్యూషన్స్ అనే కంపెనీ కేసులో వలస శాఖ అప్పీళ్ల కార్యాలయం ఇచ్చిన తీర్పుతో ఇది స్థిరపడిన నియమం. లాయరు పనీ, ఖర్చూ కంపెనీవే కనుక అందుకు వారు సుముఖంగా ఉన్నారో లేదో ముందు కనుక్కోవాలి. పథకానికి దరఖాస్తు ఆ జవాబు రాతపూర్వకంగా వచ్చాకే పెట్టడం మంచిది.