డిస్క్ ప్లేయరును అంచనా వేసే ముందు వోల్టు మీటరు

విలువైన డిస్క్ ప్లేయరు కొన్నవారూ, కొనబోయేవారూ మొదట అడిగేది మెనూలోని ఇన్ని సెట్టింగుల్లో ఏది పెట్టుకుంటే సంగీతం బాగా వినిపిస్తుందని. నల్లగొండలో మా ఇంటికి డిస్కులు పట్టుకొని వచ్చే మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ మిత్రులు కూడా ఇదే అడుగుతారు. వారికి నేను చెప్పే సమాధానం ఇది: పోల్చదలచిన రెండు సెట్టింగుల శబ్దస్థాయిని వోల్టు మీటరుతో సమం చేయనంతవరకు చెవి ఇచ్చే తీర్పును లెక్కలోకి తీసుకోకూడదు. ఈ మాట కొందరికి రుచించదు. అయినా ఇన్నేళ్ల వినికిడిలో ఇంతకంటే ఉపయోగపడిన నియమం నాకు మరొకటి కనిపించలేదు.

ప్లేయరు వెనుక సాధారణంగా రెండు రకాల అనలాగ్ అవుట్‌పుట్లు ఉంటాయి. ఆర్‌సీఏ (ఒకే పిన్ను ఉండే మామూలు రకం) జంట నుంచి గరిష్ఠంగా 2 వోల్టుల సిగ్నల్ వస్తే, బ్యాలెన్స్‌డ్ ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల) జంట నుంచి 4 వోల్టులు రావడం పరిపాటి. వోల్టేజి రెట్టింపు అయితే శబ్దం 6 డెసిబెళ్లు పెరుగుతుంది. ఆంప్లిఫయరు ఆ తేడాను తనలో సరిచేసుకోకపోతే, కేబుల్ మార్చగానే పాటకు నిండుదనం, లోతు, స్పష్టత అన్నీ ఒక్కసారిగా వచ్చినట్టు తోస్తుంది. ఆరు డెసిబెళ్ల తేడాను ఎవరైనా గుర్తుపడతారు. చిక్కంతా అర డెసిబెల్, పావు డెసిబెల్ తేడాలతోనే. అంత చిన్న పెరుగుదలను చెవి శబ్దం పెరిగినట్టుగా గుర్తించదు, నాణ్యత మెరుగుపడినట్టుగా భావిస్తుంది. దుకాణంలో రెండు ప్లేయర్లను పక్కపక్కన పెట్టి వినిపించినప్పుడు మనం చేసే ఎంపికలో ఈ భ్రమకు పెద్ద వాటా ఉంటుంది.

సమం చేయడం కష్టమేమీ కాదు. 50 హెర్ట్‌జ్ స్థిరమైన స్వరాన్ని, గరిష్ఠ స్థాయికి 20 డెసిబెళ్లు తగ్గించి, ఒక సీడీ-ఆర్ మీద రాసుకోవాలి. దాన్ని మోగిస్తూ స్పీకరు టెర్మినళ్ల దగ్గర మల్టీమీటరుతో ఏసీ వోల్టేజిని కొలవాలి. 50 హెర్ట్‌జ్‌నే ఎంచుకోవడానికి కారణం, చవక మీటర్లను అదే పౌనఃపున్యంలో వచ్చే ఇంటి కరెంటును కొలవడం కోసమే తయారుచేస్తారు కాబట్టి ఆ ప్రాంతంలో వాటి లెక్క సరిగా ఉంటుంది, పై పౌనఃపున్యాల్లో తప్పుతుంది. వోల్టేజిలో 1 శాతం తేడా అంటే 0.09 డెసిబెల్‌కు కొంచెం తక్కువ. రెండు కొలతలూ ఒక శాతం లోపల కలిస్తే పోలిక మొదలుపెట్టవచ్చు.

ఆ తరువాత ఏ సెట్టింగు నడుస్తోందో వినేవారికి తెలియకూడదు. మా ఇంట్లో ఆ బాధ్యత మా మేనల్లుడిది. రిమోటు వాడి చేతిలో ఉంటుంది, ప్లేయరు డిస్‌ప్లే ఆర్పేసి ఉంటుంది, వాడు "ఇప్పుడు చెప్పు మామా" అన్నప్పుడు నేను కాగితం మీద గుర్తు పెడతాను. పదికి తొమ్మిదీ అంతకంటే ఎక్కువ సార్లూ సరిగ్గా చెప్పగలిగితే, అది గుడ్డిగా ఊహించినందువల్ల జరిగి ఉండే అవకాశం సుమారు 1 శాతమే. ఆరు, ఏడు సరిపోయాయంటే మాత్రం ఏమీ తేలనట్టే.

ఇక అందరూ ఆసక్తి చూపే డిజిటల్ ఫిల్టర్ల విషయం. సీడీలో సెకనుకు 44,100 నమూనాలు (ధ్వని తరంగపు కొలతలు) ఉంటాయి, వాటిలో 22.05 కిలోహెర్ట్‌జ్ వరకే సంగీతం ఇముడుతుంది. ఆ పైన పుట్టుకొచ్చే ప్రతిబింబాలను, అంటే అసలు ధ్వనికి నకళ్లను, తొలగించడం ఫిల్టరు పని. నిటారుగా కోసే ఫిల్టరు 20 కిలోహెర్ట్‌జ్ వరకు ఏమీ తగ్గించకుండా ఉంచి, ఆ వెంటనే తెగ్గొడుతుంది. దానికి మూల్యంగా ప్రతి చురుకైన దెబ్బకు ముందూ వెనుకా 22 కిలోహెర్ట్‌జ్ దగ్గర సన్నని కంపనం మిగులుతుంది. నిదానంగా తగ్గే ఫిల్టరులో ఆ కంపనం తక్కువ, కానీ చెవికి అందే చివరి అంచులో ధ్వని కొంత తరుగుతుంది, ప్రతిబింబాలు కొన్ని జారి బయటపడతాయి. మినిమమ్ ఫేజ్ అనే మరో రకం ఫిల్టరులో ముందు కంపనం ఉండదు, దెబ్బ తరువాతి కంపనం పెరుగుతుంది. తయారీదారుల పుస్తకాల్లో వీటిని ‘మృదువు’, ‘సహజం’ వంటి మాటలతో వర్ణిస్తారు గానీ, ఈ మార్పులన్నీ జరిగేది మధ్య వయసు దాటినవారి చెవి సరిగా అందుకోలేని ఎత్తులోనే.

అందుకే ఫిల్టర్లను పరీక్షించడానికి మన చుట్టూ ఉన్న వాద్యాలనే ఎంచుకున్నాను. వాటి అసలు నాదం మైకు లేకుండా ఎలా ఉంటుందో మనకు తెలుసు. బోనాల నాడు మా వీధిలో రికార్డు చేసుకున్న డప్పులో సిర్ర దెబ్బ బరువుగా, సిటికెన పుల్ల దెబ్బ చురుక్కుమనేలా వస్తాయి. నిప్పుకు కాచి బిగించిన తోలు మీద సన్న పుల్ల పడినప్పటి ఆ తొలి చిటుకు ఫిల్టర్లకు గట్టి పరీక్ష. తంబూర మీటినప్పుడు తీగ కింద ఉంచే జీవా దారం వల్ల పుట్టే ఉపస్వరాల పొర మరో పరీక్ష. స్థాయి సమం చేసి విన్నప్పుడు నిటారు, నిదానపు ఫిల్టర్ల మధ్య తేడాను డప్పులో కొన్నిసార్లు పట్టుకోగలిగాను, తంబూరలో నిలకడగా పట్టుకోలేకపోయాను. నాగర్‌కర్నూల్ ప్రాంతపు పన్నెండు మెట్ల కిన్నెరను, అంటే 2022లో దర్శనం మొగులయ్యకు పద్మశ్రీ తెచ్చిన వాద్యాన్ని, ఏ ఫిల్టరులో విన్నా నాకు ఒకేలా వినిపించింది. దాని తీగల మోత, సొరకాయ బుర్రల నుంచి వచ్చే నాదం ఫిల్టర్లు తాకే చోటుకు చాలా కింద ఉంటాయి. నా ప్లేయరులో నిటారు ఫిల్టరే ఉంచాను. రికార్డులో ఉన్నదాన్ని తగ్గించకుండా అందించేది అదే.

చాలామంది పట్టించుకోని ఒక సెట్టింగు మాత్రం దీనికంటే ఎక్కువ మేలు చేస్తుంది. ఇటీవలి దశాబ్దాల్లో వచ్చిన అనేక సినిమా పాటల సీడీలను, రీమాస్టర్లను (పాత రికార్డింగుల ధ్వనిని మళ్లీ సర్ది విడుదల చేసినవాటిని) శబ్దం గరిష్ఠ హద్దుకు ఆనేలా తయారుచేశారు. నమూనాలు హద్దు లోపలే ఉన్నా, వాటి మధ్య తరంగాన్ని ప్లేయరు పునర్నిర్మించేటప్పుడు శిఖరం ఆ హద్దును దాటవచ్చు. లోపల జాగా లేకపోతే ఆ శిఖరం తెగిపోయి, గాయని పైస్థాయి అందుకున్నచోట గీరుడు వినిపిస్తుంది. ప్లేయరులో డిజిటల్ వాల్యూమ్ ఉంటే దాన్ని 3 డెసిబెళ్లు తగ్గించి, ఆ లోటును ఆంప్లిఫయరులో పూరించుకోవాలి. లోపల 24 లేదా 32 బిట్ల (ఒక్కో నమూనాను రాసే అంకెల) లెక్క నడుస్తున్నప్పుడు సీడీలోని 16 బిట్లకు దీనివల్ల నష్టం లేదు. వాల్యూమ్ కదిలించకూడదన్న పట్టింపుతో ‘ఫిక్స్‌డ్’ అవుట్‌పుట్ దగ్గరే ఆగిపోయేవారు ఈ ఒక్క మార్పు చేసి వినాలని నా కోరిక.

గది సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన ఇళ్లలో కింద షాబాదు బండలు, పైన స్లాబు, చుట్టూ సున్నపు గోడలు. చప్పట్లు కొడితే గది మొత్తం గణగణలాడుతుంది. అలాంటి చోట 20 కిలోహెర్ట్‌జ్ దగ్గరి సూక్ష్మ భేదాల గురించి మాట్లాడటంలో అర్థం లేదు. దక్కనీ గొర్రెల ఉన్నితో నేసిన గొంగడిని రెండు మడతలు చేసి, స్పీకరు శబ్దం మొదట తగిలి తిరిగివచ్చే పక్క గోడల చోట వేలాడదీశాను, గోడకూ గొంగడికీ మధ్య సుమారు 10 సెంటీమీటర్ల ఖాళీ వదిలాను. ఆ దూరం 850 హెర్ట్‌జ్ తరంగంలో పావు వంతు కాబట్టి అక్కడి నుంచి పైకి ఉన్ని బాగా పనిచేస్తుంది. ఏ ఫిల్టరు మార్పూ ఇవ్వని స్పష్టత దీనితో వచ్చింది. కింది స్వరాలకు గొంగడి చాలదు. పన్నెండు అడుగుల గదిలో 47 హెర్ట్‌జ్ దగ్గర వచ్చే ఉబ్బును స్పీకర్లనో కుర్చీనో జరిపి తగ్గించుకోవాలి తప్ప ప్లేయరు మెనూలో వెతకకూడదు. ఎండాకాలంలో ఫ్యాను ఆపి కూర్చోవడం సాధ్యం కాదు కనుక జాగ్రత్తగా వినవలసిన పని తెల్లవారుజామునే పెట్టుకుంటాను.

ఎస్‌ఏసీడీల (సీడీ కంటే అధిక నాణ్యతతో ధ్వనిని భద్రపరిచే డిస్కుల) విషయంలో రెండు సెట్టింగులు చూసుకుంటే చాలు. రెండు స్పీకర్లతో వినేవారు మెనూలో మల్టీ ఛానల్‌ను కాక స్టీరియోను ఎంచుకోవాలి; లేకపోతే కొన్ని ప్లేయర్లు ఆరు ఛానళ్లను కుదించి రెండింటిలోకి పంపుతాయి. స్పీకరు దూరం, బాస్ సర్దుబాటు వంటివి వాడితే సాధారణంగా ఎస్‌ఏసీడీలోని ధ్వని రూపమైన డీఎస్‌డీ, సీడీ తరహా పీసీఎంగా మారుతుందని కూడా గుర్తుంచుకోవాలి. హైబ్రిడ్ డిస్కులోని రెండు పొరలను, అంటే సీడీ పొరనూ ఎస్‌ఏసీడీ పొరనూ, పోల్చి ఫార్మాట్ గొప్పతనాన్ని తేల్చే పద్ధతిని నేను అనుసరించను. రెండు పొరల స్థాయులు వేరుగా ఉండవచ్చు, మాస్టరింగూ (డిస్కు తయారీకి ముందు చేసే చివరి ధ్వని సర్దుబాటు) వేరై ఉండవచ్చు. 2007లో మేయర్, మోరాన్ ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో ప్రచురించిన పరీక్షలో, అధిక నాణ్యత డిస్కుల ధ్వనిని 16 బిట్ల, 44.1 కిలోహెర్ట్‌జ్ సీడీ ప్రమాణానికి మార్చి వినిపించినా, మామూలు స్థాయిలో వినేవారు ఆ తేడాను గుర్తించలేకపోయారు. అయినా నేను ఎస్‌ఏసీడీలు కొంటూనే ఉంటాను, ఎందుకంటే వాటిలో చాలావాటిని శ్రద్ధగా మాస్టరు చేశారు.

చివరగా కరెంటు. చతురస్రాకారపు తరంగం ఇచ్చే పాత రకం ఇన్వర్టరు మీద నడిపితే ప్లేయరులోని, ఆంప్లిఫయరులోని ట్రాన్స్‌ఫార్మర్లు గుర్రుమంటాయి, ఆ గుర్రు స్పీకర్లలోకీ రావచ్చు. సైన్ వేవ్ ఇన్వర్టరుతో ఆ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. ఏదైనా సరే, సెట్టింగులను పోల్చే పని మాత్రం మెయిన్స్ మీదే చేస్తాను. నడుమ కరెంటు పోతే అప్పటివరకు కాగితం మీద పెట్టిన గుర్తులను పక్కన పెట్టి, వోల్టేజి కొలవడం దగ్గర నుంచి మళ్లీ మొదలుపెడతాను.