చిక్కబెట్ట మీద అమ్మతో ఒక పూట

శ్రవణబెళగొళ వెళ్లేవాళ్లంతా ముందు పెద్ద కొండే ఎక్కుతారు. మేమూ అంతే. 57 అడుగుల గోమటేశ్వరుడి పాదాల దగ్గర చాలాసేపు కూర్చున్నాం. కానీ నేను అమ్మను తీసుకొచ్చింది ఎదురుగా ఉన్న చిన్న కొండ కోసం. కన్నడిగులు చిక్కబెట్ట అంటారు. చంద్రగిరి అన్నా అదే. చంద్రగుప్త మౌర్యుడు రాజ్యం వదిలేసి, గురువైన జైన ముని భద్రబాహు వెంట ఇక్కడికి వచ్చి, తిండి మానేసే సల్లేఖన వ్రతంతో దేహం విడిచాడని జైనుల నమ్మకం.

అమ్మ సోషల్ టీచర్‌గా రిటైరైంది. నందరాజు దాసి ముర కొడుకు కాబట్టి మౌర్యుడు అయ్యాడని ఏళ్ల తరబడి పాఠం చెప్పింది.

"విష్ణుపురాణంలో ముర పేరే లేదమ్మా. తర్వాతెప్పుడో వ్యాఖ్యానం రాసినాయన చేర్చాడు" అన్నాను మెట్లెక్కుతూ.

"మేం చదువుకున్నది అదే కదరా."

"వినత కొడుకు ఎవరు?"

"వైనతేయుడు."

"రాధ కొడుకు?"

"రాధేయుడు." రెండు మెట్లెక్కి ఆగిపోయింది. "అంటే ముర కొడుకైతే మౌరేయుడు కావాలి!"

ఆ తర్వాత ఇంక నన్ను వదల్లేదు. శ్రీలంక బౌద్ధుల గ్రంథం మహావంశం చంద్రగుప్తుణ్ణి మోరియ క్షత్రియుల వంశం వాడంటుందని చెప్పాను. బుద్ధుడి అస్థికలు పంచడం అయిపోయాక వచ్చి, చితిలో మిగిలిన బొగ్గులే తీసుకెళ్లిన పిప్పలివనం మోరియులు వాళ్లు. నాకు అన్నిటికంటే నమ్మకం కలిగించేది ఈ మాటే. రోమన్ రచయిత జస్టిన్ మాత్రం, సామాన్య కుటుంబంలో పుట్టినవాడు అన్నాడు.

జైనుల కథ అమ్మను కదిలించింది. 12వ శతాబ్దంలో జైన ఆచార్యుడు హేమచంద్రుడు రాసిందది. రాజుగారి నెమళ్లు పెంచేవాళ్ల ఊరికి పెద్దగా ఉన్నాయన కూతురు కడుపుతో ఉండి, చంద్రుణ్ణి తాగాలని కోరుకుంది. పుట్టే బిడ్డను తనకిస్తే ఆ కోరిక తీరుస్తానన్నాడు చాణక్యుడు. పాకకు పైన కన్నం పెట్టించి, పున్నమి రాత్రి ఆ కన్నం కింద పాలగిన్నె ఉంచాడు. పాలల్లో చంద్రుడు కనిపించాడు. ఆమె తాగుతుంటే పైన ఒక మనిషి కన్నాన్ని మెల్లమెల్లగా మూసేశాడు. ఆ పుట్టిన బిడ్డే చంద్రగుప్తుడు.

"వేవిళ్ల కోరిక తీర్చడానికి బిడ్డను అడిగాడా!" అమ్మ గొంతు మారిపోయింది.

కొండ మీద చంద్రగుప్త బసది, అంటే జైన గుడి, చిన్నది. లోపల రాతి జాలీలు. గళ్ల మధ్య అరచేతిలో పట్టేంత బొమ్మల్లో భద్రబాహు, చంద్రగుప్తుల కథ చెక్కారు. చెక్కినవాడి పేరు దాసోజ అని అక్కడే ఉంది. అమ్మ కళ్లజోడు తుడుచుకుని ఒక్కో గడీ చూసింది. భద్రబాహు గుహలో వంగి లోపలికెళ్లి, రాతిలో చెక్కిన పాదాలకు నుదురు తాకించింది. చంద్రగుప్తుడు ఇక్కడికి రాలేదనే చరిత్రకారులూ ఉన్నారు. అయినా ఆ నిమిషంలో నాకూ చేతులు జోడించాలనిపించింది.

కిందికి దిగాక, కాళ్లు కాలుతున్నా కోనేటి గట్టు మీద కూర్చుని, పాత స్టూడెంట్ల వాట్సాప్ గ్రూప్ తెరిచింది. మైక్ బటన్ నొక్కిపట్టి గొంతు సవరించుకుంది.

"పిల్లలూ, చంద్రగుప్తుడి పాఠంలో నేను మీకు ఒక మాట తప్పు చెప్పాను. వినత కొడుకు ఎవరో ముందు చెప్పండి..."