అందరికీ తెలుసు గనుక ఎవరూ రాయని సంగతులు

అమెరికా వచ్చి ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో నాకు అప్పగించిన పని, అమ్మకాల డేటాబేస్ నుంచి ఒక నెల లెక్క తీయడం. డేటాబేస్‌ను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్ నాకు కొత్త కాదు గనుక పట్టికల పేర్లూ కాలమ్‌ల పేర్లూ చూసి గంటలోనే లెక్క పంపాను. అది అసలు అమ్మకాలకు సరిగ్గా వంద రెట్లు ఉంది. సొమ్మును డాలర్లలో కాక సెంట్లలో నిల్వ చేస్తారని ఆ బృందంలో అందరికీ తెలుసు. అందరికీ తెలుసు గనుకనే ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. ఒక మాట అడిగి ఉండవలసిందని పక్క సీటులోని సహోద్యోగి అన్నారు. కానీ అడగాలని తోచాలంటే, అక్కడ అడగవలసిన సంగతి ఒకటి ఉందని ముందు తెలియాలి.

ఇప్పుడు ఏఐ ఏజెంట్లు, అంటే మన తరఫున పనులు చేసిపెట్టే ఏఐ ప్రోగ్రాములు, డేటాబేస్‌ను ప్రశ్నించడానికి వాడే టూళ్లకు వివరణలు రాయడం నా పనిలో పెద్ద భాగం. ఏఐకి టూళ్లను అనుసంధానించే పద్ధతిగా 2024 నవంబరులో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో టూల్ నిర్వచనమంటే ప్రధానంగా దాని పేరు, అది చేసే పని వివరణ, ఇన్‌పుట్లు ఏ రూపంలో ఉండాలో చెప్పే స్కీమా. ఏ టూల్‌ను ఎప్పుడు పిలవాలో ఏజెంటు నిర్ణయించుకోవడానికి ఆ కొద్ది వాక్యాలే ఆధారం. కొత్తగా చేరిన మనిషి మొహమాటపడుతూనైనా ఎవరినో ఒకరిని అడుగుతాడు. ఏజెంటు చాలాసార్లు ఉన్నదానితోనే సరిపెట్టుకుని, చూడటానికి పొందికగా ఉన్న తప్పు జవాబు ఇచ్చేస్తుంది.

నా చేతికి వచ్చిన పాత వివరణ ఒక్కటే వాక్యం: 'ఆర్డర్ల వివరాలు తెస్తుంది.' దానిని ఇలా తిరగరాశాను: 'ఒక్కో వరుస ఒక్కో ఆర్డరు. సొమ్ము సెంట్లలో ఉంటుంది; డాలర్లు కావాలంటే వందతో భాగించాలి. స్థితి 4 అంటే రద్దయిన ఆర్డరు, దానిని అమ్మకాల్లో కలపకూడదు. ఒక ఆర్డరులో పలు వస్తువులు ఉండవచ్చు. వస్తువుల పట్టికతో జాయిన్ చేశాక (రెండు పట్టికలనూ కలిపాక) ఆర్డరు సొమ్మును కూడితే అదే సొమ్ము పలుమార్లు లెక్కకు వస్తుంది. రిఫండ్లు ఇందులో రావు, వాటికి వేరే టూల్ ఉంది.' వీటిలో చివరి వాక్యమే అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడిందని నా అభిప్రాయం. టూల్ ఏం చేయదో చెప్పకపోతే ఏజెంటు దానినే అన్నిటికీ పిలుస్తుంది.

తేదీల విషయంలో నేను ముందే దెబ్బతిన్నవాడిని. 03/04/2025 అని కనిపిస్తే నా కంటికి అది ఏప్రిల్ 3. ఇక్కడివారికి మార్చి 4. అందుకే స్కీమాలో 2025-03-04 (ఏడాది-నెల-రోజు) రూపం తప్ప మరొకటి చెల్లదని రాశాను. అడిగిన కాలానికి ముగింపు తేదీ కూడా లెక్కలోకి వస్తుందా రాదా, సమయం యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) ఉందా స్థానిక కాలంలోనా అన్నది కూడా చేర్చాను. యూటీసీలో నిల్వ చేసిన పట్టికలో, శీతాకాలంలో న్యూయార్క్‌లో రాత్రి ఎనిమిదికి జరిగిన అమ్మకం మరుసటి రోజు ఖాతాలో పడుతుంది. ఇంటికి ఫోను చేసే ముందు అక్కడ ఇప్పుడెంతయిందో లెక్కవేసుకునే మాలాంటివారికి ఈ సందేహం వెంటనే వస్తుంది. ఒకే కాలమండలంలో బతికినవారికి రాకపోవడం వారి తప్పు కాదు.

టూల్ తిరిగి ఇచ్చే మాటలు కూడా డాక్యుమెంటేషనే. 'ఎర్రర్' అని ఊరుకోకుండా 'ఆ పేరుతో కాలమ్ లేదు, ఉన్నవి ఇవి' అని చెబితే ఏజెంటు తనంతట తానే దిద్దుకోగలదు. వంద వరుసల దగ్గర ఫలితాన్ని కత్తిరించినప్పుడు ఆ సంగతి చెప్పకపోతే వందనే మొత్తంగా లెక్కిస్తుంది. అయితే 'డేటాను మార్చవద్దు' అని వివరణలో రాయడం రక్షణ కాదు. ఆ ప్రోటోకాల్‌లో చదవడానికి మాత్రమే అని టూల్‌కు తగిలించే గుర్తు కూడా సూచన మాత్రమే. చదివే అనుమతి తప్ప మరేదీ లేని డేటాబేస్ ఖాతాను ఇవ్వడమే అసలు కట్టడి.

రాయడం కన్నా రాయవలసినదాన్ని రాబట్టడమే కష్టం. 'యాక్టివ్ కస్టమర్' అంటే ఎవరని అడిగితే, 90 రోజుల్లో కొన్నవారని ఆర్థిక విభాగం, ఖాతా మూసేయనివారని సహాయ విభాగం చెప్పాయి. ఒకప్పుడు ఇలాంటి ప్రశ్న వేయడానికి, నా ఉచ్చారణ తలచుకుని, మీటింగు అయ్యేదాకా ఆగేవాడిని. ఇప్పుడు అందరి ముందే అడుగుతున్నాను, వచ్చిన రెండు అర్థాలనూ వివరణలో రాస్తున్నాను.

స్థితి 3కు అర్థం మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. ఆ పట్టికను తయారు చేసినవారు ఎప్పుడో వెళ్లిపోయారు. ఊహించి రాయడం ఇష్టం లేక, 'దీని అర్థం తేలలేదు. ఈ విలువ ఎదురైతే అడిగినవారినే సంప్రదించాలి' అని రాశాను. గత వారం పరీక్షలో ఏజెంటు నెల అమ్మకాల లెక్కను మధ్యలో ఆపి, స్థితి 3లో ఉన్న ఆర్డర్లను కలపమంటారా వద్దా అని అడిగింది.