పక్కింట్లో పెరుగన్నం, మా ఇంట్లో చేపల పులుసు

మా పక్కింటి మాస్టారు దంపతులు పెంచుకుంటున్న పిల్లి చాలాకాలంగా పగటిపూట ఎక్కువ భాగం మా ఇంట్లోనే గడుపుతోంది. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు మచ్చలున్న ఆడపిల్లి అది. వాళ్ళింట్లో దాని పేరు బంగారం. మా అమ్మ మాత్రం దొంగమొహందని పిలుస్తుంది. వాళ్ళు ముద్దుగా పిలిచినా ఈవిడ విసుక్కుంటూ పిలిచినా అది ఒకే విధంగా తోక నిలబెట్టుకుని వస్తుంది కనుక, పేరు విషయంలో దానికి పెద్దగా పట్టింపు లేదనే అనుకోవాలి.

అది మా ఇంటికే ఎందుకు వస్తుందో తెలియాలంటే రెండిళ్ళ వంటలు తెలియాలి. మాది కాకినాడ. కుంభాభిషేకం రేవు నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఆవిడ దగ్గర వారంలో ఒకటి రెండుసార్లు వంజరమో చందువలో నెత్తళ్ళో తీసుకోవడం, పెరట్లో చప్టా మీద కూర్చుని వాటి పొలుసు తీసి తోమడం మా ఇంట్లో మా నాయనమ్మ నాటి నుంచి ఉన్నదే. మాస్టారి ఇంట్లో ఉల్లిపాయ కూడా రోజును బట్టి లోపలికి వస్తుంది. వాళ్ళు ఆ పిల్లిని చిన్నప్పటి నుంచి పాలతోనూ పెరుగన్నంతోనూ ఎంతో ప్రేమగా పెంచారు. రెండు పెరళ్ళకూ మధ్య నడుమెత్తు పిట్టగోడ తప్ప మరేమీ లేదు. ఇక ఆ పిల్లి ఎటు దూకుతుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కరలేదు.

దీన్ని తిండిపోతు పిల్లి దొంగబుద్ధి అని కొట్టిపారేయడానికి వీలు లేదు. పిల్లి కుక్కలాంటిది కాదు. అది మాంసం మీదనే బతకవలసిన జంతువు. టారిన్ అనే పదార్థాన్ని దాని శరీరం తనకు సరిపడినంత తయారు చేసుకోలేదు కనుక మాంసం నుంచో చేప నుంచో తెచ్చుకోవాలి. అది లోపిస్తే పిల్లి కంటిపొర పాడై చూపు పోతుందని 1975లోనూ, గుండె కండరం బలహీనపడి ప్రాణం మీదికి వస్తుందని 1987లోనూ శాస్త్రజ్ఞులు నిరూపించారు. ఆ తరువాతనే పిల్లుల కోసం అమ్మే మేతలో టారిన్ తగినంత ఉండేలా చూడడం రివాజయింది. పాలు పిల్లికి అమృతమని మనకు సామెతలు నూరిపోశాయి గాని, పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగక విరేచనాలవుతాయి. పెరుగులో ఆ చక్కెర కొంత తక్కువ కనుక కాస్త నయం, అంతే. అంటే మా గోడ దూకి వస్తున్నది ఒక విధంగా వైద్యం కోసమే వస్తోందన్న మాట. ఈ సంగతి తెలిసిన తరువాత దాని మీద కోపం సగం తగ్గింది. మిగిలిన సగం తగ్గకపోవడానికి కారణాలు వేరే ఉన్నాయి.

ఉతికి మడతపెట్టిన దుప్పట్ల మీద పడుకోవడం, మిక్సీ పక్కన కూర్చోవడం, మా అబ్బాయి లెక్కల పుస్తకం మీద వెల్లకిలా దొర్లడం వంటివి సర్దుకుపోగలిగినవే. భరించరానిది కుండీల వ్యవహారం. మా ఆవిడ పెరటి గోడ వెంట కొత్తిమీర, మెంతికూర, పుదీనా కుండీలు పెట్టుకుంది. మెత్తగా తవ్వి ధనియాలు చల్లిన మట్టి కనబడగానే ఆ పిల్లి దాన్ని తనకోసమే సిద్ధం చేశారనుకునేది. ముందుకాళ్ళతో శ్రద్ధగా గొయ్యి తీసి, పని ముగించుకుని, మళ్ళీ మట్టి కప్పి, కప్పింది సరిగ్గా కుదిరిందో లేదో వాసన చూసి నిర్ధారించుకుని వెళ్ళిపోయేది. ఆ శుభ్రత చూస్తే ముచ్చటేసేది గాని ఆ కొత్తిమీర ఎవరు తింటారు?

వీధిలో సలహాలకు కొదవ లేదు. గోడ పొడవునా నల్ల ఫినాయిల్ పోయమని ఒకరు, కుండీల్లో కలరా ఉండలు వేయమని ఒకరు చెప్పారు. గోనెసంచిలో కట్టి ఊరి బయట వదిలేసి రమ్మన్న పెద్దమనిషి కూడా ఉన్నాడు. ఈ మూడింటినీ మేము ఒప్పుకోలేదు, ఎందుకో కాస్త వివరంగానే చెబుతాను. ఫినాయిల్ వంటి మందులను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. మనుషులు తలనొప్పికి వేసుకునే పారాసెటమాల్ బిళ్ళ ఒక్కటి పిల్లిని చంపగలగడానికి కారణం కూడా ఇదే. పిల్లి ఫినాయిల్ తొక్కిన పాదాలను నాలుకతో శుభ్రం చేసుకుంటుంది కనుక, మనం తరిమివేయడానికి పోశామనుకున్నది దానికి విషం పెట్టినట్టే అవుతుంది. కలరా ఉండల్లోని నాఫ్తలీన్ కూడా దానికి విషమే, పైగా ఇంట్లో పసిపిల్లలుంటే వాళ్ళకూ ప్రమాదమే. ఇక సంచి సంగతి సరే సరి. నోరులేని జీవాన్ని తెలియని చోట ఆకలికి వదిలేసి, సాయంత్రం దాన్ని వెతుక్కుంటూ వచ్చే పిన్నిగారి ముఖం చూడగలిగే ధైర్యం మాకు లేదు. చట్టం మాట కూడా ఉంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షన్ ప్రకారం జంతువును చంపడం, విషం పెట్టడం, అవిటిదాన్ని చేయడం ఐదేళ్ళ వరకు జైలుశిక్ష పడగల నేరం.

అసలు చిక్కు మా ఇంట్లోనే ఉందని నాకు అర్థం కావడానికి కొంతకాలం పట్టింది. మా అమ్మ నలుగురి ఎదుట చీపురు ఝళిపించి "ఛీ, పో అవతలికి" అని కసురుకునేది. ఆ తరువాత పెరట్లో చేపలు తోముతూ, ఎవరూ చూడడం లేదని నిశ్చయించుకున్నాక, తలకాయలూ తోకలూ చప్టా చివరికి జరిపేది. మా ఆవిడ తలుపు వేసేది, మా అబ్బాయి తీసేవాడు. ఒకరు తరిమి మరొకరు తినిపించే ఇంటిని పిల్లి వదిలిపెట్టదు. ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుందన్న ఆశ, రోజూ దొరికేదానికంటే గట్టిగా కట్టిపడేస్తుంది. రావద్దనుకుంటే ఇంటిల్లిపాదీ ఒక్కమాట మీద ఉండి మెతుకు కూడా పెట్టకూడదు. వస్తే రానీ అనుకుంటే ఎక్కడి వరకు రావచ్చో, ఏమి పెట్టవచ్చో అందరూ కలిసి తేల్చుకోవాలి. మేము రెండో దారి పట్టాము. మా అమ్మను మొదటి దారికి ఒప్పించడం జరిగే పని కాదని అందరికీ తెలుసు.

అయితే ఆ తేల్చుకోవడం వాయిదా పడుతూనే ఉండేది, మా చెల్లెలు పురిటికి రాకపోయి ఉంటే. గర్భిణి ఉన్న ఇంట్లో పిల్లి తిరగకూడదని చుట్టాలు బెదరగొట్టారు. వాళ్ళు చెప్పిన కారణాలు రకరకాలుగా ఉన్నాయి గాని, వాటి వెనక నిజమైన సంగతి ఒకటుంది. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి కొన్ని పిల్లుల మలంలో ఉంటుంది, గర్భిణికి అది కొత్తగా సోకితే కడుపులోని బిడ్డకు హాని జరగవచ్చు. కానీ పిల్లిని తాకగానే అంటుకునే జబ్బు కాదది. సాధారణంగా పిల్లి తనకు మొదటిసారి సోకిన తరువాత ఒకటి నుంచి మూడు వారాలపాటే ఆ జీవిని బయటికి వదులుతుంది. బయటపడినది ఇతరులకు సోకే దశకు రావడానికి మరో ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. ఆ తరువాత మట్టిలో నెలల తరబడి బతికి ఉండగలదు. కనుక భయపడవలసింది సోఫా మీద పడుకున్న పిల్లికి కాదు, కొత్తిమీర కుండీకి. డాక్టరమ్మ కూడా కుండీల మట్టి ముట్టుకోవద్దని, ఆకుకూరలు బాగా కడగమని, మాంసం పూర్తిగా ఉడికించి తినమని చెప్పారు తప్ప పిల్లిని వెళ్ళగొట్టమనలేదు.

అప్పుడు చేసిన పనులు చిన్నవే గాని పనికొచ్చాయి. పాత కుండీల మట్టి పారబోసి కొత్త మట్టి నింపి, పైన కోళ్ళ గూళ్ళకు వాడే జాలీని కుండీ నోటి కొలతకు కత్తిరించి పరిచాము. మొలకలు కన్నాల గుండా పైకి వస్తాయి, పిల్లికి మాత్రం గొయ్యి తీయడం కుదరదు. పెద్ద మొక్కల కుండీల్లో గులకరాళ్ళు పరిచాము. బత్తాయి తొక్కలు కూడా వేసి చూశాము; ఆ వాసన దానికి గిట్టని మాట నిజమే గాని, తొక్క ఎండగానే ప్రభావం పోతుంది, చీమలు మాత్రం మిగులుతాయి. వీటన్నిటికంటే బాగా పనిచేసింది గోడ మూల నీడలో వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో పోసిన ఇసుక. కుండీ మట్టికంటే మెత్తటి చోటు దొరికితే పిల్లి కుండీల జోలికి పోదు. టబ్బును రోజూ శుభ్రం చేసే పని నాకు అప్పగించారు. ఏ రోజుది ఆ రోజే తీసేస్తే ఆ సూక్ష్మజీవి సోకే దశకు చేరే అవకాశం దాదాపు ఉండదు కనుక నేనూ మాట్లాడకుండా చేశాను.

ఇవన్నీ మా వైపు పనులు. పక్కింటి వారితో మాట్లాడడం మిగిలింది. పెంపుడు జంతువు మీద ఫిర్యాదును ఎవరైనా తమ పెంపకం మీద ఫిర్యాదుగానే వింటారు. అందుకని కుండీలతో మొదలుపెట్టకుండా, అట్లతద్దికి మా ఆవిడ వాయనం పట్టుకెళ్ళినప్పుడు వెంట వెళ్ళి, మాటల మధ్యలో అన్నాను: "పిన్నిగారూ, మీ బంగారం మధ్యాహ్న భోజనం రోజూ మా ఇంట్లోనే కానిస్తోందండి." ఆవిడ నొచ్చుకుని, "అయ్యో బాబూ, అది పెరుగన్నం తప్ప ఏదీ ముట్టదే, మీ ఇంట్లో ఏం తింటుందీ?" అన్నారు. మా ఆవిడ నా వైపు చూసింది. మాస్టారు పేపరు దించారు. నెత్తళ్ళ మాట ఎలా చెప్పాలో నాకు తోచలేదు. చివరికి మాస్టారే, "దాని జాతి ధర్మం అది చేస్తోందిలే, మన నియమాలు దానికెందుకు?" అని నవ్వేశారు. పిన్నిగారు నవ్వలేదు. వంటింటి వైపు ఒకసారి చూసి, "మూతి కడుక్కునే వస్తోందా?" అని అడిగారు. వస్తోందని చెప్పాను, నిజానికి పిల్లులు ఆ విషయంలో మనకంటే నయం.

ఆ సంభాషణ తరువాత చాలా విషయాలు సులువయ్యాయి. వాళ్ళు వంటింట్లోకి రానివ్వకుండా వీధి అరుగు మీద క్యాట్ ఫుడ్ ప్యాకెట్ మేత పెట్టడానికి ఒప్పుకున్నారు. పొడిగా బిస్కెట్ ముక్కల్లా ఉండడం వల్ల కాబోలు, అందులో ఏముందన్నది పిన్నిగారు మళ్ళీ అడగలేదు. తోక పట్టుకు లాగినందుకు మా అబ్బాయి చేతిని అది గీరినప్పుడు కూడా దాపరికం లేకుండా మాట్లాడుకోగలిగాము. గాయాన్ని ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ప్రభుత్వ ఆసుపత్రిలో 0, 3, 7, 28 రోజుల లెక్కన రేబిస్ సూదులు వేయించాము. పిల్లి గీరితే ఏమవుతుందిలే అనేవాళ్ళు మన ఊళ్ళలో ఎక్కువ. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక చేయగలిగింది దాదాపు ఏమీ లేదని వాళ్ళకు ఎవరైనా చెప్పాలి. మాస్టారు తమ పిల్లి టీకా చీటీ వెతికి తీస్తే గడువు దాటిపోయి ఉంది. మర్నాడే పశువుల ఆసుపత్రికి బుట్టలో పెట్టుకుని తీసుకువెళ్ళారు.

అదే ఆసుపత్రిలో ఆపరేషన్ మాట వచ్చింది. ఆడపిల్లి ఎదకు వచ్చినప్పుడల్లా వీధిలోని గండుపిల్లులన్నీ మా పిట్టగోడ మీద చేరి రాత్రంతా అరవడం, తెల్లవారేసరికి నా బండి సీటు మీద మూత్రం చిమ్మి పోవడం జరిగేది. ఆ వాసనకు సబ్బు చాలదు, అమ్మోనియా ఉన్న క్లీనర్లతో కడిగితే అవి మరింత వెతుక్కుంటూ వస్తాయి. వెనిగర్ కలిపిన నీళ్ళు కొంత పనిచేశాయి. పిల్లిని ఒక్కసారి తల్లిని కానిచ్చి తరువాత చేయిద్దామని పిన్నిగారు, అక్కర్లేదని డాక్టరుగారు వాదించుకున్నారు. పిల్లి చూలు సుమారు తొమ్మిది వారాలే కనుక ఏడాదిలో రెండు మూడు ఈతలకు అవకాశం ఉందని, ఆ పిల్లలను ఏడిళ్ళు తిప్పేటప్పుడు మొదటి మజిలీ మా అటకేనని నేను మధ్యలో గుర్తుచేశాను. ఆపరేషన్ అయింది. గండుపిల్లులు వేరే వీధి చూసుకున్నాయి.

మా వైపు షరతులు కూడా చెప్పాలి. పులుసులోని ముక్క పెట్టకూడదు, ఎందుకంటే ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఉడికిన ముల్లు గొంతులో గుచ్చుకుంటుంది. ఉప్పూ కారం వేయక ముందే ఒక ముక్క విడిగా ఉడికించి, ముల్లు తీసి, పెరటి చప్టా మీదే పెట్టాలి. అమ్మ దీన్ని ఒప్పుకుంది, కాకపోతే దొంగమొహందానికి ప్రత్యేకంగా వండే రోజులొచ్చాయా అని సణుగుతూ ఒప్పుకుంది. పురుడు వచ్చిన తరువాత పసిబిడ్డ పడుకునే గదిలోకి అది రాకుండా మెష్ తలుపు పెట్టించాము. కింది అంచును పంజాతో లాగి తెరవడం నేర్చుకుంటే లోపల గడియ కూడా వేయించాము.

ఇప్పుడు మాస్టారు దంపతులు కొడుకు దగ్గరికి అమెరికా వెళుతున్నారు, తిరిగి రావడానికి ఆరు నెలలు పడుతుంది. పిల్లిని ఎవరి దగ్గర ఉంచాలన్న విషయం మాతో మాట్లాడదామని మాస్టారు ఆదివారం వస్తానన్నారు. టీకా చీటీ, డాక్టరుగారి ఫోన్ నంబరు, మేత ప్యాకెట్లకు అయ్యే ఖర్చు, దానికేమైనా అయితే ఎవరిని అడిగి ఏ నిర్ణయం తీసుకోవాలి అన్న నాలుగు విషయాలు ముందే కాగితం మీద రాసుకుందామని నేనూ మా ఆవిడా అనుకున్నాము. ఈలోగా అమ్మ పిట్టగోడ దగ్గర నిలబడి పిన్నిగారికి మాట ఇచ్చేసిందని నిన్న సాయంత్రం తెలిసింది. కాగితం మాత్రం రాస్తున్నాను.