గాలిదుమారంలో కరెంటు పోతే: ఫ్రిజ్‌లో ఏది ఉంచాలి, ఏది పారబోయాలి

ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె దాకా నల్గొండ, పాలమూరు దిక్కు కరెంటు పోయేది ఎక్కువగా సాయంత్రం గాలిదుమారానికే. కొమ్మ విరిగి తీగ మీద పడ్డా, స్తంభం మీద తీగలను కలిపే జంపర్ ఊడినా కాసేపట్లో వస్తుంది. స్తంభాలు ఒరిగితే మాత్రం తెల్లారేదాకా, పల్లెల్లో మర్నాటి దాకా ఆగాల్సిందే. పగలంతా 43, 44 డిగ్రీల ఎండకు కాలిన స్లాబు రాత్రి పదింటికి కూడా చల్లబడదు. అలాంటి ఇంట్లో తిండిని కాపాడేది ఇన్వర్టర్ కంటే ముందు రెండే: మూసిన ఫ్రిజ్ తలుపు, ఫ్రీజర్‌లో గడ్డకట్టి ఉన్న నీళ్లు.

తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ సుమారు 4 గంటలు చల్లగా ఉంటుందని ఆహార భద్రత నిపుణుల లెక్క. లోపల 4 డిగ్రీలు ఉన్నప్పుడు కరెంటు పోయిందనుకుంటే వచ్చే లెక్క ఇది. మన వంటిళ్ల వేడికి 3 గంటలే అనుకోవడం మేలు. విడిగా తలుపున్న ఫ్రీజర్ నిండుగా ఉంటే 48 గంటలు, సగమే ఉంటే 24 గంటలు గడ్డ నిలుస్తుంది. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పైనుండే చిన్న ఫ్రీజర్ అంతసేపు ఆగదు. దానికి ఈ లెక్క పెట్టుకోవద్దు.

ఫ్రీజర్‌లో ఖాళీ జాగా ఉంటే మార్చి నుంచే నీళ్ల సీసాలతో నింపండి. నీళ్లు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి కాబట్టి లీటరు సీసాలో పైన నాలుగు వేళ్లు వదలాలి, లేకపోతే పగులుతుంది. కిలో మంచు కరగడానికి 80 కిలో క్యాలరీల వేడి కావాలి. అంటే ఐదు కిలోల మంచు కరిగేలోపు 460 వాట్ అవర్ల (దాదాపు అర యూనిట్) పైచిలుకు వేడిని లాగేసుకుంటుంది. సింగిల్ డోర్‌లో ఫ్రీజర్ పైనే ఉంటుంది, చల్లదనం దానంతటదే కిందికి దిగుతుంది, సీసాలు కదపక్కర్లేదు. డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీలో చల్లగాలిని కిందికి తోసేది ఫ్యాను. కరెంటు లేకపోతే అది తిరగదు. అందుకే రెండు గంటలు దాటాక ఒక్కసారే తలుపు తీసి, రెండు మూడు సీసాలు కింది ఫ్రిజ్ పై అరలో పెట్టి మూసేయండి. పాలు, వండిన కూరలు ఆ సీసాలను ఆనుకుని ఉండాలి.

ఊరెళ్లే ముందు చిన్న స్టీలు గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, దాని మీద రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో వదలండి. తిరిగొచ్చేసరికి బిళ్ల అడుగున కనిపిస్తే మధ్యలో అంతా కరిగి మళ్లీ గడ్డకట్టినట్టే. ఆ ఫ్రీజర్‌లోని మాంసం ముట్టుకోవద్దు, చూడ్డానికి ఎంత గట్టిగా ఉన్నా సరే.

మాంసం, చేపల మీద అందరికీ అనుమానం ఉంటుంది, అన్నం మీద ఉండదు. కానీ ప్రమాదం అక్కడా ఉంది. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు బియ్యంతోనే వస్తాయి, ఉడికినా చావవు. వండిన అన్నం గిన్నెలోనే మూతపెట్టి ఉంచితే నడిమధ్య గంటల తరబడి వెచ్చగా ఉంటుంది, అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం వేడికి విరగదు. మళ్లీ పొయ్యి మీద పెట్టినా, తాళింపు అన్నం చేసినా అందులోనే ఉంటుంది. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలవుతాయి. వాసన మారకపోవచ్చు, అందుకే ముక్కును నమ్ముకోకూడదు. మిగిలిన అన్నాన్ని వెడల్పు పళ్లెంలో రెండు వేళ్ల మందాన పరిచి ఆరబెట్టి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇల్లు 32 డిగ్రీలు దాటితే గంటే గడువు.

కరెంటు లేనప్పుడు దీనికి మన పద్ధతి ఉండనే ఉంది, సద్ది. అయితే సల్ల ఎప్పుడు పోస్తామన్నది ముఖ్యం. అన్నం గోరువెచ్చగా అవగానే కుండలో వేసి, పుల్లటి సల్ల ఒక గ్లాసు, మిగతా నీళ్లు కలిపి అన్నం పైన రెండు వేళ్లు నిలిచేలా పోయాలి. పులుపు త్వరగా ఎక్కితే ఆ బ్యాక్టీరియా పెరగలేదు. పొద్దంతా గిన్నెలో ఉన్న అన్నానికి రాత్రి సల్ల పోస్తే లాభం లేదు, అప్పటికే పుట్టిన విషాన్ని పులుపు తీసేయలేదు. సద్ది తెల్లారి తినేయాలి, మధ్యాహ్నానికి పెట్టుకోవద్దు.

గడువు దాటిన ఫ్రిజ్‌లోంచి పారబోయాల్సినవి: వండిన కోడి, మటన్, చేప, ఉడికించిన గుడ్లు, పప్పు, పాలు, పనీర్. పెరుగు పులుస్తుంది, సల్ల చేసుకోవచ్చు. దోశ పిండి పులుస్తుంది, ఆ రోజే పోసుకోవాలి. నెయ్యి, తొక్కులు, కారప్పొళ్లు, చింతపండు గుజ్జు, కోయని పచ్చి కూరగాయలకు ఏమీ కాదు. ఫ్రీజర్‌లోని పచ్చి మాంసంలో ఇంకా మంచు పలుకులు ఉంటే మళ్లీ గడ్డకట్టించవచ్చు. మెత్తబడినా ఇంకా బాగా చల్లగా ఉంటే వెంటనే వండేయాలి. పొరుగింట్లో పంచితే ఇంకా మంచిది. పాల ప్యాకెట్లు ఫ్రిజ్‌లో ఉంటే మొదటి మూడు గంటల్లోనే కాచి తోడు పెట్టడం నయం.

ఆకుకూర, టమాటకు జంట కుండలు చాలు. పెద్ద మట్టి కుండలో చిన్నది పెట్టి, మధ్యన మూడు వేళ్ల సందులో కడిగిన ఇసుక నింపి, పొద్దున, మాపటికి తడపాలి. పైన తడి గోనెసంచి కప్పి, గాలి ఆడే నీడన ఉంచాలి. నైజీరియాలో మొహమ్మద్ బా అబ్బా అనే పంతులు 1990ల్లో దీన్ని ఊరూరా పంచారు. పొడి గాలిలో బయటికంటే 10 నుంచి 15 డిగ్రీలు తగ్గుతుంది, అంటే మన మే నెలలో లోపల 28 దాకా. వానలు పడి గాలిలో తేమ ఎక్కితే దాదాపు పనిచేయదు. పాలు, మాంసం ఇందులో పెట్టవద్దు. షుగరు మందు తీసుకునేవారు వాడుతున్న ఇన్సులిన్‌ను తడి తగలకుండా డబ్బాలో వేసి ఇందులో ఉంచుకోవచ్చు, మంచు సీసాకు మాత్రం ఆనించవద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

గాలి లేవగానే ఫ్రిజ్ ప్లగ్గు పీకేయాలి. న్యూట్రల్ తీగ తెగితే ఇంట్లోకి 230కి బదులు 400 వోల్టుల దాకా రావచ్చు. బల్బులు ఉన్నట్టుండి కళ్లు చెదిరేలా వెలిగితే వెంటనే మెయిన్ దించండి. కరెంటు వచ్చాక కూడా మూడు నాలుగు నిమిషాలు ఆగాలి. కంప్రెసర్ లోపల గ్యాస్ ఒత్తిడి సమం కాకముందే ఆన్ చేస్తే అది తిరగలేక గుంయ్ మంటుంది, ఓవర్‌లోడ్ (మోటారును కాపాడే స్విచ్) పడిపోతుంది, పదే పదే అలా జరిగితే వైండింగ్ కాలుతుంది. స్టెబిలైజర్ కొంటే టైమ్ డిలే ఉన్నదే కొనండి.

ఇన్వర్టర్ మీద ఫ్రిజ్ నడపాలంటే సైన్ వేవ్‌దే కావాలి, స్క్వేర్ వేవ్‌కు మోటారు వేడెక్కుతుంది. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీలో ఉండేది 1800 వాట్ అవర్లు. బ్యాటరీ చెడకూడదంటే సగమే వాడాలి, అందులో ఇన్వర్టర్ తినేది పోగా 700 పైచిలుకు మిగులుతుంది. రెండు ఫ్యాన్లు, చిన్న ఫ్రిజ్ కలిపి నడిపితే మూడున్నర గంటలు. అందుకే మొదటి మూడు గంటలు బ్యాటరీని ఫ్యాన్లకే వదిలి, ఫ్రిజ్‌ను మంచుతో గడపండి.

ఫిర్యాదుకు 1912. ఫోన్ చేసేటప్పుడు బిల్లు మీదుండే యూనిక్ సర్వీస్ నంబరు అడుగుతారు, అది గోడ మీదో ఫోన్‌లోనో రాసి ఉంచుకోండి. చీకట్లో బిల్లు వెతుక్కోవాల్సిన పని ఉండదు.