రెండో వరసలో చివరిది

పన్నెండు కావస్తోంది. రెండో వరసలో చివరిది ఏమిటో ఎంత ఆలోచించినా తట్టట్లేదు. పసుపుపచ్చగా ఉంటుందట, మధ్యలో తెల్లగా గీతో ఏదో. "నేనెప్పుడూ దాన్ని నొక్కలేదు గానీ అది అక్కడ ఉండాలి" అనేసి అమ్మ పడుకుంది. నా నిద్ర పోయింది.

ఇదంతా అమ్మ ట్యాబ్ తెర మీద యాప్‌ల వరస గొడవే. పాత ట్యాబ్ 2018లో అన్నయ్య వచ్చినప్పుడు కొన్నది. బ్యాటరీ ఉబ్బి, తెర ఒక పక్క అప్పడంలా లేచింది. అమ్మకి అదేం ఇబ్బంది కాదు. "ఆ పక్క నేను ముట్టుకోనుగా" అని రెండు రోజులు అలాగే వాడేసింది, మాకు చెప్పకుండా. రిపేరు షాపు కుర్రాడు మాత్రం చూడగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లోపల గ్యాస్ చేరిందండీ, ఇంక ఛార్జింగ్ పెట్టకండి, మంచం మీద అస్సలు పెట్టుకోకండి అన్నాడు. దానికి బ్యాటరీ కూడా దొరకదట. ఇప్పుడది బాల్కనీలో, పాత స్టీలు గిన్నెలో, తులసి కుండీకి దూరంగా ఉంది. పొద్దున్నే దీపం పెట్టి వస్తూ అమ్మ దానివైపు ఓసారి చూస్తోంది, ఆస్పత్రిలో ఉన్నవాళ్లని చూసినట్టు.

ఇంక మా అన్నయ్య. డాలస్‌లో కూర్చుని "ఐప్యాడ్ కొనెయ్, డబ్బులు నే పంపిస్తా" అన్నాడు. ముప్పై నాలుగు వేల తొమ్మిది వందలు. నా బాధ డబ్బు గురించి కాదు. అమ్మకి తెర కింద మూడు బటన్లు ఉండాలి. తప్పు చోటికి వెళ్తే 'వెనక్కి' బటన్ పట్టుకుని ఇంటికొచ్చేస్తుంది. ఐప్యాడ్‌లో అది లేదు. ఆ మాట చెబితే "రెండ్రోజుల్లో అలవాటవుతుంది" అన్నాడు. ఆ రెండు రోజులూ పక్కన కూర్చునేది ఎవరట? దానికి వాట్సాప్ 2025 మే దాకా రానే లేదని ఇంకో బాణం వేశాను. "వచ్చిందిగా మరి" అన్నాడు. నిజమే, వచ్చింది. నాకు ఒళ్లు మండింది.

ఐప్యాడ్ వద్దంటే వద్దన్నాక మెసేజీలు మొదలు. ర్యామ్ ఎంత? స్టోరేజ్ ఎంత? అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు? చివరిది మాత్రం అడగాల్సిన మాటే, ఒప్పుకుంటాను. పాతది ఆండ్రాయిడ్ 7 దగ్గరే ఆగిపోయింది. క్రోమ్ బ్రౌజర్ 2023 చివర్లోనే దానికి కొత్త అప్‌డేట్లు ఆపేసింది. బ్యాటరీ ఉబ్బకపోయినా ఎప్పుడో ఒకనాడు కొనక తప్పేది కాదు. మిగతావి ఎందుకు? అమ్మ చూసేవి ప్రవచనాలు, తిరుమల కల్యాణోత్సవం, పేపరు, పదాల ఆట, మా వాడి ఫోటోలు. దీనికి ర్యామ్ లెక్కలు చూస్తూ రాత్రి పదకొండింటికి నేను ఎక్సెల్ షీటు వేయడమేమిటో. వేశాను మరి. మా ఆయన చూసి నవ్వి, లైటు తీసేసి పడుకున్నారు.

చివరికి శామ్‌సంగ్‌లో రెండు మిగిలాయి, ఏ9, ఏ9 ప్లస్. చిన్నది 8.7 అంగుళాలు, 332 గ్రాములు. పెద్దది 11 అంగుళాలు, 480 గ్రాములు. ఎడమ కంటికి శుక్లం తీశాక కూడా అమ్మ చిన్న అక్షరాలకి కళ్లు చికిలిస్తోంది కాబట్టి పెద్దదే అనుకున్నాను. కానీ మధ్యాహ్నం పూట ఆవిడ చూసేది వెల్లకిలా పడుకుని, మొహం మీదకి పట్టుకుని. వంటింట్లోంచి అరకిలో కందిపప్పు ప్యాకెట్ తెచ్చి చేతిలో పెట్టి, "ట్యాబ్ అనుకుని పట్టుకో" అన్నాను. నాలుగు నిమిషాలకి పప్పు గుండెల మీదకి దిగింది. "దీంట్లో ఏమీ రావట్లేదేంటే" అంది. సరే, చిన్నదే అని తేల్చాను.

శనివారం షాపుకి ముగ్గురం వెళ్లాం. ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, కక్కకపోతే ఈ రాత్రి తెల్లారదు. ఆ అబ్బాయి ముందు మా ఆయన్ని "సార్, ఎవరికి?" అని అడిగాడు. "మా అత్తగారికి" అన్నారు ఈయన. వెంటనే "అయితే బేసిక్ చాలు సార్, పెద్దవాళ్లు ఏం వాడతారు" అన్నాడు. అమ్మ అక్కడే నిలబడి ఉంది, కంచి చీరలో, చేతిసంచితో. రోజుకి ఐదు గంటలు వాడే మనిషి. ఈ-పేపర్లో జిల్లా ఎడిషన్ మార్చుకుని కోనసీమ వార్తలు చదివే మనిషి. ఆ అబ్బాయి అమ్మ వైపు తిరిగింది ఒక్కసారే, "కూర్చోండి అమ్మా" అనడానికి. తర్వాత పావుగంట మాకు ఆటలు ఎంత బాగా ఆడొచ్చో చూపించాడు. కార్ల రేసు! ఎక్స్‌టెండెడ్ వారంటీ, స్క్రీన్ గార్డు, కవరు, పెన్ను, ఇయర్‌ఫోన్లు. బేసిక్ చాలన్నవాడు బిల్లుని మాత్రం బేసిక్‌గా ఉంచడానికి ఒప్పుకోలేదు. ఈలోగా అమ్మ పక్క టేబుల్ దగ్గరికి వెళ్లి, ప్రదర్శనకి పెట్టిన పెద్దదాన్ని మీట వేసినట్టు ఒక్క వేలితో నొక్కి, "ఇందులో కనిపిస్తున్నాయి" అంది.

పెద్దదే కొన్నాం. కందిపప్పు పరీక్ష దండగ. పడుకుని చూడనులే, బియ్యం డబ్బాకి ఆనించుకుంటాను అంది.

దారంతా ఆ అబ్బాయిని తిడుతూ వచ్చాను. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే తట్టింది, నేను మాత్రం ఏం చేశాను? ఎక్సెల్ షీటు వేశాను, పప్పు ప్యాకెట్ ఇచ్చాను. "ఏది కావాలమ్మా" అని అడిగానా? గుర్తు లేదు. అడగలేదనే అనుకుంటున్నాను.

అసలు తంటా ఇవాళ, లాగిన్ దగ్గర. మీ ఇంకో పరికరంలో 'అవును' నొక్కండి అంటుంది గూగుల్. ఆ ఇంకో పరికరం స్టీలు గిన్నెలో ఉంది. చివరికి అమ్మ ఫోన్‌కి ఓటీపీ వచ్చేదాకా మూడుసార్లు తిరిగాను. తెర కింద ఆ మూడు బటన్లూ కనిపించేలా పెట్టాను. టచ్ సెన్సిటివిటీ పెంచాను, వేళ్లు ఎండిపోయి అమ్మకి రెండేసిసార్లు నొక్కాల్సి వస్తోంది. అక్షరాలు పెద్దవి చేశాను. అన్నీ అయ్యాక, పెళ్లికూతుర్ని చేసినట్టు చేసి, ఆవిడ ముందు పెట్టాను.

అమ్మ చూడకుండానే వేలు పెట్టింది. కెమెరా తెరుచుకుంది. "నా మొహం వచ్చిందేంటే?"

ఇంకోసారి. క్యాలెండర్.

అప్పుడు గుర్తొచ్చింది నాకు 1996 నవంబరు. తుపాను తర్వాత అమలాపురం దగ్గర మా ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. దొడ్లో కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా పడి ఉన్నాయి. సాయంత్రం ఐదున్నరకే చీకటి. ఉన్న ఒక్క లాంతరూ మాకు ఇచ్చేసి అమ్మ స్టవ్ మంట వెలుగులోనే వండేది. స్కూలు లేదు, నాకేమీ తోచక, సాయం చేద్దామని పోపుల డబ్బా తోమాను. శుభ్రంగా తుడిచి ఎండలో పెట్టి, మళ్లీ నింపాను, నా ఇష్టం వచ్చిన వరసలో. నల్లవి ఒక పక్క, పచ్చవి ఒక పక్క, చూడముచ్చటగా. అమ్మకి చెప్పలేదు. పొద్దున్న చూసి మెచ్చుకుంటుంది కదా అని.

ఆ రాత్రి చారు. ఆవాలు అనుకుని గుప్పెడు మెంతులు వేసింది, చిటపటలాడలేదని ఇంకాసేపు ఉంచింది. మాడిన మెంతుల చేదు ఇప్పటికీ నాలుక మీద ఉంది. నాన్న రెండు ముద్దలు తిని "చేదు ఒంటికి మంచిదే" అన్నారు. అన్నయ్య మాత్రం కంచం ముందు పగలబడి నవ్వాడు, వెధవ. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. మేం పడుకున్నాక వంటింట్లో చిన్న గిన్నెల చప్పుడు చాలాసేపు వినిపించింది. ఇప్పుడీ ఇంట్లో కూడా ఆ డబ్బా తోమేది ఆవిడే, నింపేది ఆవిడే.

కెమెరా తీసేసి అడిగాను, పాతదానిలో ఏది ఎక్కడ ఉండేదో చెప్పు, అలాగే పెడతాను అని. పాతదాన్ని తెరిచి చూసే వీల్లేదు కదా. అమ్మకీ పేర్లు చెప్పమంటే రాలేదు. "అలా అడిగితే ఏం చెబుతానే" అని, కళ్లు మూసుకుని డైనింగ్ టేబుల్ మీద వేలితో చూపించడం మొదలుపెట్టింది. ఇక్కడ వెంకన్న. ఇక్కడ చాగంటి వారు (యూట్యూబ్ పేరు ఆవిడకి అదే). ఇక్కడ పేపరు. ఇక్కడ మీ అన్నయ్య. కింద వరసలో పదాలు, ఫోటోలు, పంచాంగం. తర్వాత ఆ పసుపుపచ్చది.

వరసకి నాలుగు వచ్చేలా కుదర్చడానికే అరగంట పట్టింది. అక్షరాలు పెంచితే వరసలు మారిపోతున్నాయి. ఏడూ కుదిరాయి. ఎనిమిదోది ఖాళీ. "దాన్ని అలాగే వదిలెయ్" అన్న అమ్మే, ఐదు నిమిషాలకి మళ్లీ వచ్చి "ఏదో ఒకటి పెట్టకపోతే చెయ్యి అటు జారుతుంది" అంది.

పాత వరస సర్దింది అన్నయ్యే. ఆ సెలవుల్లో రెండు రోజులు అమ్మ పక్కనే కూర్చున్నాడు. అప్పుడు నాకు ఆఫీసులో ఏదో రిలీజ్, భోజనానికి కూడా ఇంటికి రాలేదు. రెండ్రోజుల్లో అలవాటవుతుందని ఊరికే అనలేదేమో మరి. ఆ మాట వాడితో మాత్రం అనను.

ఇందాక మెసేజ్ పెట్టాను, అమ్మ పాత ట్యాబ్‌లో రెండో వరస చివర పసుపుపచ్చగా ఏం ఉండేదో గుర్తుందా అని. వాళ్లకి మధ్యాహ్నం. ఇప్పుడే జవాబు వచ్చింది. "ఫైల్సో నోట్సో అయ్యుంటుంది. ఇంతకీ ర్యామ్ ఎంతది తీసుకున్నావ్?"

ర్యామ్ సంగతి చెప్పలేదు. ముందు నోట్స్ పెట్టాను, తీసేసి ఫైల్స్ పెట్టాను. పొద్దున అమ్మ దాన్ని నొక్కదు కాబట్టి ఏదైనా ఒకటే. అయినా మళ్లీ తీసి నోట్స్ పెట్టాను. దాంట్లో తెల్ల గీత కొంచెం ఎక్కువ కనిపిస్తోంది.